మాకూ ఆదివారాలున్నాయి

సూర్యాపేటలో గానీ, కోదాడలో గానీ, మిర్యాలగూడలో గానీ ఎండాకాలం సెలవులు మొదలైన వారానికే ఇంటింటా ఒకటే పంచాయితీ. "డాడీ, ఏడికన్నా పోదాం." తండ్రి కాసేపు ఫోను చూస్తాడు, కాసేపు ఇంటావిడ ముఖం చూస్తాడు, చివరికి "సముద్రం కాడికి పోదాం పట్టు" అంటాడు. ఇంకేమంటాడు? మా ఊళ్ల మీదుగా పోయే పెద్ద రోడ్లు రెండూ అటువైపే దిగుతాయి. 65వ నంబరు జాతీయ రహదారి సూర్యాపేట, కోదాడ దాటి, విజయవాడ దాటి మచిలీపట్నంలో ఆగుతుంది. నార్కట్‌పల్లి–అద్దంకి రోడ్డు మిర్యాలగూడ మీదుగా పోయి వాడపల్లి దగ్గర కృష్ణ దాటుతుంది. ఆ దారిన గుంటూరు చేరితే బాపట్ల, సూర్యలంక ఎంతో దూరం కావు. కారున్నవాడు కారులో, లేనివాళ్లు నాలుగు కుటుంబాలు కలిసి బండి మాట్లాడుకొని తెల్లారకముందే బయల్దేరతారు. పులిహోర, పెరుగన్నం, నీళ్ల క్యాన్లు, తడిస్తే మార్చుకోవడానికి పాత బట్టలు. పగలంతా అలల్లో ఆడి, అర్ధరాత్రికి ఒళ్లంతా ఇసుకతో ఇంటికి చేరతారు. పిల్లలు ఆ ఒక్కరోజు ముచ్చట ఏడాది పొడుగునా చెప్పుకుంటారు.

సముద్రంతో నాకు పేచీ లేదు. 2014 జూన్ 2న తెలంగాణ తీరం లేని రాష్ట్రంగానే పుట్టింది. అది భూగోళం సంగతి, దానిమీద అలిగితే లాభం లేదు. నా కడుపుమంట వేరే. ఒక మామూలు కుటుంబం ముసలివాళ్లతో, చంటిపిల్లలతో కలిసి ఒక పగలు హాయిగా గడపాలంటే పొలిమేర దాటి పోవాల్సిందేనా? ఈ మూడు ఊళ్ల చుట్టూ చూడ్డానికి ఏమీ లేదంటే నోరు మూసుకునేవాణ్ని. ఉన్నాయి. పద్దెనిమిది వందల ఏళ్లనాటి బౌద్ధారామం ఉంది. ఎనిమిది వందల ఏళ్లనాటి గుళ్లున్నాయి. రెండు నదులు కలిసే చోటుంది. దేశంలోనే పేరున్న ఆనకట్ట మిర్యాలగూడకు గంట దూరంలో ఉంది. లేనిదల్లా ఒకటే: ఇక్కడి మనుషులకు కూడా పనిలేని రోజులుంటాయని, ఆ రోజుల్లో పిల్లల చేయి పట్టుకొని ఎక్కడికో పోవాలనుకుంటారని గుర్తించే పాలకుడు.

పైనున్నవాళ్ల లెక్కలో మేమంటే దారి. హైదరాబాదు నుంచి విజయవాడ పోయే దారి. సంక్రాంతికి పంతంగి, కొర్లపహాడ్ టోల్‌గేట్ల దగ్గర ఎన్ని వేల కార్లు దాటాయో గంటగంటకు టీవీలో చెబుతారు. ఆ కార్లలో వచ్చినవాళ్లు సూర్యాపేట దగ్గర ఆగుతారు, టీ తాగుతారు, మూత్రవిసర్జన చేస్తారు, వెళ్లిపోతారు. వాళ్లనేమంటాం? ఆగి చూడండని ఎవరైనా చెబితే కదా! దారి కాకపోతే మేం సరుకు. మిర్యాలగూడ మిల్లుల బియ్యం సరుకు. మేళ్లచెరువు, మఠంపల్లి వైపు సున్నపురాయి సరుకు. దామరచర్ల మండలం వీర్లపాలెంలో 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రం పెట్టారు, దాని కరెంటు సరుకు. సిమెంటు మోయడానికి మేళ్లచెరువు వైపు రైలు పట్టాలు వచ్చాయి. జిల్లా కేంద్రమైన సూర్యాపేట పట్టణానికి మాత్రం ఈనాటికీ రైలు లేదు. సిమెంటు బస్తాకు దొరికిన మర్యాద మా ఊరి పిల్లకు దొరకలేదు.

ఫణిగిరి సంగతి చెబుతాను, వినండి. సూర్యాపేట నుంచి నలభై కిలోమీటర్లు, నాగారం మండలం. పాము పడగలాంటి గుట్ట, కింద ఊరు. నిజాం కాలంలో, 1940ల మొదట్లోనే ఇక్కడ బౌద్ధ శిథిలాలున్నాయని కనిపెట్టారు. తర్వాత అరవై ఏళ్లు ఆ గుట్ట జోలికి పోయినవాళ్లు తక్కువ. 2001 నుంచి విడతలు విడతలుగా తవ్వితే మహాస్తూపం, చైత్యాలు, విహారాలు, సున్నపురాయి తోరణ స్తంభాలు బయటపడ్డాయి. ఇక్ష్వాకు రాజు రుద్రపురుషదత్తుడి పద్దెనిమిదో పాలనా సంవత్సరం నాటి శాసనం దొరికింది. 2019లో నిలువెత్తు గచ్చు బోధిసత్త్వుడి విగ్రహం బయటికొచ్చింది. 2024లో ఒక మట్టికుండలో 3,730 సీసపు నాణేలు దొరికాయి. ఒకవైపు ఏనుగు, మరోవైపు ఉజ్జయిని గుర్తు. ఇంత సంపద ఒక్క చిన్న ఊళ్లో దొరికితే ఇంకే దేశంలోనైనా పిల్లల పాఠ్యపుస్తకం మొదటి పేజీ అదే అయ్యేది.

ఆ శిల్పాల్లో కొన్ని 2023లో న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియానికి వెళ్లాయి. తొలినాటి భారతీయ బౌద్ధకళ మీద అక్కడ పెట్టిన పెద్ద ప్రదర్శనలో ఫణిగిరి తోరణం నిలబడింది. ఆ ప్రదర్శనే తర్వాత కొరియా వెళ్లింది. సియోల్‌లో జాతీయ మ్యూజియంలో 2024 వసంతం దాకా ఉంది. అమెరికా పిల్లలు చూశారు, కొరియా పిల్లలు చూశారు. మంచిదే, చూడాలి. మరి నాగారం హైస్కూలు పిల్లలు చూశారా? సూర్యాపేటలో పదో తరగతి చదివే పిల్లవాణ్ని ఆపి "ఫణిగిరి ఎక్కడుందిరా?" అని అడగండి. వాడు ఫోను తీసి వెతుకుతాడు. తప్పు వాడిది కాదు. మన రాయికి విమానం టికెట్టు కొన్నవాళ్లు మన పిల్లవాడికి బస్సు టికెట్టు కొనలేదు.

ఇక పిల్లలమర్రి. ఇది దూరం కూడా కాదు, సూర్యాపేట అంచునే ఉంది. కాకతీయుల సామంతులైన రేచర్ల రెడ్లు కట్టించిన గుళ్లు. నామిరెడ్డి పేరున నామేశ్వరాలయం. బేతిరెడ్డి భార్య ఎరకసానమ్మ 1208లో కట్టించిన ఎరకేశ్వరాలయం. ఒక ఆడమనిషి తన పేరున గుడి కట్టించి, శాసనం వేయించి, ఎనిమిది వందల ఏళ్లు నిలబెట్టింది. నామేశ్వరాలయంలో మీటితే మోగే స్తంభాలున్నాయి. దూలం మీద కాకతీయుల కాలంనాటి రంగుల బొమ్మ ఉంది: దేవదానవులు పాలసముద్రం చిలుకుతున్న చిత్రం. తెలుగునేల మీద ఆ కాలపు రంగుల బొమ్మలు మిగిలిన చోట్లు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. పినవీరభద్రుడనే మహాకవి ఇంటిపేరు ఈ ఊరి పేరే. కోటి రూపాయల కార్లు రోజూ ఈ ఊరి పక్కనుంచే పోతాయి. లోపల ఎనిమిది శతాబ్దాల నాటి రంగు పొడిపొడిగా రాలుతున్నా ఎవరికీ పట్టదు. మోగే స్తంభాన్ని రాయి పెట్టి కొట్టి చూసే ఆకతాయిని ఆపడానికి అక్కడ ఎవరుంటారు? ఆ స్తంభం ఎందుకు మోగుతుందో ఎనిమిదేళ్ల పిల్లకు అర్థమయ్యేలా చెప్పడానికి ఎవరుంటారు?

చిట్టా ఇంతటితో ఆగదు. కోదాడ పక్కన నడిగూడెంలో మునగాల రాజావారి కోట ఉంది. జాతీయ జెండా రూపశిల్పి పింగళి వెంకయ్య అక్కడ ఉండగానే ఆ జెండాకు రూపం ఇచ్చాడని ఆ ప్రాంతమంతా చెప్పుకుంటుంది. నకిరేకల్ వైపు చందుపట్లలో ఒక రాతి శాసనం ఉంది. రాణి రుద్రమ 1289 నవంబరులో కన్నుమూసిందని చెప్పే సాక్ష్యం అదే. రుద్రమ మీద సినిమా తీస్తే ఊరూరా హాళ్లు నిండాయి. ఆ తల్లి ఆఖరి కబురు చెక్కిన రాయి దగ్గరికి దారి చూపే బోర్డు హైవే మీద ఎంతమందికి కనిపించింది? మేళ్లచెరువు శంభులింగేశ్వరుడి శివరాత్రి జాతర, ఎడ్ల పందేలు. జాన్‌పహాడ్ సైదులు బాబా ఉర్సు, దానికి ముస్లింలెంతమందో హిందువులంతమంది. మట్టపల్లిలో కృష్ణ ఒడ్డున నరసింహస్వామి. ఒక్కో చోటు ఒక్కో ఆదివారం. వారానికొకటి చూసుకుంటూ పోయినా ఒక ఎండాకాలం సరిపోదు.

సారూ, కలెక్టరాఫీసుల్లో, సచివాలయంలో ఏసీ గదుల్లో కూర్చున్న సారూ, మీకొక విన్నపం. ఒక్క ఆదివారం రండి. సైరను లేకుండా, ముందుగా ఫోను చేయకుండా, ఊరి సెక్రటరీకి చెప్పకుండా రండి. మీ ఇంటి ముసలమ్మను, మూడేళ్ల మనవణ్ని వెంట తెచ్చుకోండి. సొంత కారు వద్దు, ఆర్టీసీ బస్సెక్కండి. సూర్యాపేట బస్టాండులో దిగి ఫణిగిరికి బస్సెప్పుడని అడగండి. ఎంతసేపు నిలబడతారో నిలబడి చూడండి. గుట్ట కింద దిగాక పదకొండు గంటల ఎండలో ముసలమ్మ కూర్చోవడానికి నీడ వెతకండి. చేతిలో నీళ్ల సీసా అయిపోతే మళ్లీ నింపుకోవడానికి కుళాయి వెతకండి. మీ ఇంటావిడకు మరుగుదొడ్డి కావాలి. ఉంటే తాళం ఉందో లేదో, తాళం తీసి ఉంటే లోపల నీళ్లున్నాయో లేదో చూసి చెప్పండి. పసిబిడ్డకు పాలివ్వడానికి ఒక మూల, చక్రాల కుర్చీ ఎక్కే వాలుదారి ఉన్నాయేమో చూడండి. "తాతా, ఇదేంది?" అని మనవడు ఒక రాయి చూపిస్తే చెప్పడానికి పక్కన తెలుగులో రాసిన నాలుగు ముక్కల కోసం వెతకండి. సాయంత్రానికి ఇంటికి చేరాక మీకే అర్థమవుతుంది, మేమెందుకు నాలుగు గంటలు ప్రయాణం చేసి పక్క రాష్ట్రం సముద్రానికి పోతున్నామో.

పర్యాటకం అనగానే మీకు రిసార్టు గుర్తొస్తుంది. గుట్ట మీద గాజుమేడ, రాత్రికి వేల రూపాయల గది, హెలికాప్టర్. మేం అడిగేది అది కాదు. ఒక పూట. చింతచెట్టు నీడ, శుభ్రమైన నీళ్లు, ఆడవాళ్లు భయపడకుండా వెళ్లగలిగే మరుగుదొడ్డి, పిల్లలు ఎక్కి దూకే నాలుగు ఊయలలు, ఎదురుగా ఉన్నదేదో చెప్పగలిగే ఒక మనిషి, పోయిరావడానికి సమయానికి ఒక బస్సు. అంతే. 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు బస్సు ప్రయాణం ఉచితం చేశారు. దండం పెడుతున్నాను, మంచి పని. మిర్యాలగూడలో మిల్లు పనికి పోయే అమ్మ మొదటిసారి డబ్బులు లెక్కపెట్టకుండా బస్సెక్కింది. ఎక్కి ఎక్కడికి పోవాలి? గుడికి పోతుంది, ఆసుపత్రికి పోతుంది, పుట్టింటికి పోతుంది. పిల్లల్ని వెంటేసుకొని సంతోషం కోసం ఒక చోటికి పోవడమనేది ఆమె కోసం ఎవరూ ఊహించలేదు.

వాడపల్లికి పోదాం. దామరచర్ల మండలంలో మూసీ వచ్చి కృష్ణలో కలిసే చోటది. అగస్త్యేశ్వరుడి గుడి, నరసింహస్వామి గుడి. నరసింహస్వామి ముఖం ముందు పెట్టిన దీపం స్వామి ఊపిరికి కదులుతుందని చెబితే పిల్లలు కళ్లార్పకుండా చూస్తారు. రెండు నదుల రంగు కలిసేచోట నిలబడి పిల్లవాడికి భూగోళం చెప్పడానికి ఇంతకన్నా మంచి తరగతి గది ఎక్కడుంది? కానీ ఏ మూసీ అది? హైదరాబాదు మురుగంతా మోసుకొని, సోలిపేట దగ్గర ప్రాజెక్టులో ఆగి, నురగలు కక్కుతూ వచ్చే మూసీ. రాజధాని తిన్నదీ కడిగిందీ అంతా మా మీదుగానే దిగుతుంది. 4.46 టీఎంసీల ఆ మూసీ జలాశయం హైవేకు దగ్గర్లోనే ఉంది. పడవలు తిరగాల్సిన నీళ్లవి. 2019 అక్టోబరులో దాని గేటొకటి కొట్టుకుపోయినప్పుడు రాష్ట్రమంతటికీ దాని పేరు తెలిసింది. గేటు నిలబడి ఉన్నన్నాళ్లూ ఎవరికీ గుర్తు లేదు.

2016 ఆగస్టులో కృష్ణా పుష్కరాలు వచ్చాయి. వాడపల్లి, మట్టపల్లి, నాగార్జునసాగర్ ఘాట్లకు రంగులేశారు, మెట్లు కట్టారు, దీపాలు పెట్టారు, బట్టలు మార్చుకునే గదులు పెట్టారు. పన్నెండు రోజులు నది నదిలా కనిపించింది. పదమూడో రోజు నుంచి మళ్లీ ఎవరి నది వాళ్లది. పన్నెండేళ్లకోసారి గుర్తొచ్చే నదిలో పిల్లలు ప్రతి ఎండాకాలం దిగుతారని పాలకులకు తెలియదా?

తెలుసు. ఇక్కడే నా గొంతు పెగలదు. సాగర్ ఎడమ కాలువ మిర్యాలగూడ నుంచి హుజూర్‌నగర్, కోదాడ వైపు మా పొలాల మధ్యగా పోతుంది. మాకు బువ్వ పెట్టిన కాలువ అది. 45 డిగ్రీల ఎండలో, ఊళ్లో ఈతకొలను లేక, పార్కు లేక, చెరువు నీళ్లు ఆకుపచ్చగా కుళ్లిపోయి ఉంటే, పదమూడేళ్ల పోరడు ఎక్కడికి పోతాడు? కాలువకు పోతాడు. సిమెంటు లైనింగు మీద నాచు. దిగినవాడికి పట్టుకోవడానికి ఏమీ ఉండదు. పైకి నింపాదిగా కనిపించే నీళ్లు లోపల లాగుతుంటాయి. ఒకడు జారుతాడు, వాణ్ని పట్టుకోబోయి రెండోవాడు. ఏటా సెలవుల్లో వస్తుంది ఆ వార్త. మూలన రెండు అంగుళాలు. శీర్షిక కూడా మారదు: ఈత సరదా ప్రాణం తీసింది.

సరదా తీయలేదు. సరదా పిల్లలకు పుట్టుకతో వచ్చిన హక్కు. ప్రాణం తీసింది మీ నిర్లక్ష్యం. కాలువ ఊరిని ఆనుకొని పోయే ప్రతిచోటా మెట్లు కట్టించలేదు. అడ్డంగా ఒక ఇనుప గొలుసు వేలాడదీయలేదు. లోతెంతో తెలిపే గుర్తు పెట్టలేదు. ఒక్కో పట్టణానికి మామూలు ఫీజుతో ఈత నేర్పే చోటు పెట్టలేదు. ఆ తర్వాత గజ ఈతగాళ్లను పిలిపించారు, పంచనామా రాయించారు, తల్లిదండ్రులు పిల్లలపై శ్రద్ధ పెట్టాలని ప్రకటన ఇచ్చారు. శ్రద్ధా? పొద్దున ఆరింటికి నాటుకు పోయి సాయంత్రం ఆరింటికి వచ్చే తల్లికి శ్రద్ధ గురించి చెప్పే నోరు మీకెలా వచ్చింది? ఈ గడ్డ మీంచి విద్యుత్ మంత్రి అయ్యారు, నీటిపారుదల మంత్రి అయ్యారు. ఏ పార్టీ అని కాదు, అధికారానికి మాకెప్పుడూ కొదవలేదు. నీటి మీద అంత అధికారం ఉన్న గడ్డ మీద పిల్లలు నీళ్లలో పోతుంటే సిగ్గనిపించదా?

2024 సెప్టెంబరు 1న వానకు కోదాడ మునిగింది. నడిగూడెం మండలం కాగిత రామచంద్రాపురం దగ్గర ఎడమ కాలువకు గండి పడింది. అప్పుడందరూ అన్నారు, నాలాలు ఆక్రమించారు, చెరువు జాగాలు ఆక్రమించారని. ఆ మాట ఇంకో వైపు నుంచి కూడా చూడండి. నీళ్లు నిలవాల్సిన ఆ జాగాలే పిల్లలు ఆడుకోవాల్సిన జాగాలు. లేఅవుటు వేసిన ప్రతివాడూ పది శాతం ఖాళీ స్థలం ప్రజలకు వదలాలని నిబంధన ఉంది. ఈ మూడు పట్టణాల చుట్టూ పొలాలు ప్లాట్లయిన వేగం మనం చూసినదే. ఆ పది శాతాలన్నీ ఎక్కడున్నాయి? మున్సిపాలిటీలు ఒక పటం గీసి, రంగు పూసి, ఆఫీసు ముందు గోడకు అంటించమనండి. ఏది పార్కు, ఏది గుడి పేరుతో పోయింది, ఏది ఎవరి ఇంటి ప్రహరీలోకి పోయిందో జనమే తేలుస్తారు.

నాగార్జునసాగర్ గురించి మాట్లాడకుండా మిర్యాలగూడ మాట పూర్తికాదు. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆనకట్ట. నీళ్ల కింద ఇక్ష్వాకుల విజయపురి మునిగిపోయింది. మునిగే ముందు ఆరేళ్లు తవ్వి, దొరికినదాన్ని తీసుకెళ్లి కొండ మీద పెట్టి, చుట్టూ నీళ్లు నిండాక నాగార్జునకొండను ద్వీపం మీది మ్యూజియం చేశారు. లాంచీలో పోయి చూసే మ్యూజియం! పిల్లలకు ఇంతకన్నా పండగ ఏముంటుంది? కానీ ఆ లాంచీ ఉంటుందో ఉండదో ముందుగా తెలుసుకోవడం గగనం. నీటిమట్టం తగ్గితే ఆగుతుంది, గాలి వీస్తే ఆగుతుంది, రెండు రాష్ట్రాలకు మాటా మాటా పెరిగినా కొండకు పోయే కుటుంబమే నష్టపోతుంది. 2023 నవంబరు చివర ఆనకట్ట మీద రెండు రాష్ట్రాల పోలీసులు ఎదురెదురుగా నిలబడితే దేశమంతా చూసింది. నీళ్ల కోసం కొట్లాడండి, అది మీ ధర్మం. ఆ నీళ్ల మీద ఒక పడవను సమయం ప్రకారం నడపడానికి మాత్రం ఇద్దరూ ఒక బల్ల ముందు కూర్చోలేరా?

ఆనకట్ట పక్కనే 274 ఎకరాల్లో బుద్ధవనం కట్టారు. 2022 మేలో తెరిచారు. బాగుంది, కాదనను. 2025 మే 12న బుద్ధ పౌర్ణమికి ప్రపంచ సుందరి పోటీల అమ్మాయిలను అక్కడికి తీసుకొచ్చారు. అతిథులకు మర్యాద చేయాల్సిందే. మరి మిర్యాలగూడ రాంనగర్ బంధం వీధిలోనో, ఏ గూడెంలోనో ఉండే ఒక ఆరో తరగతి అమ్మాయి ఆ బుద్ధుణ్ని చూడాలనుకుంటే ఆమెను తీసుకుపోయే బస్సేది? అక్కడి జాతక కథల బొమ్మల ముందు నిలబెట్టి కథ చెప్పే టీచరమ్మకు ఆ రోజు డ్యూటీ వేసే ఆఫీసరేడీ? ఫణిగిరి, నాగార్జునకొండ, బుద్ధవనం మూడింటినీ ఒక దారానికి గుచ్చితే ఇక్ష్వాకుల కథ మొత్తం రెండు రోజుల్లో పిల్లల కళ్ల ముందు నిలుస్తుంది. ఆ దారం గుచ్చడానికి కోట్లు అక్కర్లేదు. ఒక బస్సు, ఒక టైంటేబుల్, ఒక మనసు.

"చేతకాదు" అంటారేమో, ఆ మాట నేనొప్పుకోను. దురాజ్‌పల్లి పెద్దగట్టు చూడండి. రెండేళ్లకోసారి లింగమంతుల స్వామి జాతర. మేడారం తర్వాత తెలంగాణలో అంత పెద్ద జాతర అదేనని పేరు. గజ్జెల లాగులు తొడుక్కొని, భేరీలు మోగించుకుంటూ, "ఓ లింగా" అని యాదవ సోదరులు గట్టెక్కుతుంటే లక్షల జనం. ఆ రోజుల్లో జాతీయ రహదారినే పక్కకు మళ్లిస్తారు. కుళాయిలు వస్తాయి, మరుగుదొడ్లు వస్తాయి, వైద్య శిబిరం వస్తుంది, తప్పిపోయిన పిల్లల్ని మైకులో పిలిచే మనిషి కూడా ఉంటాడు. చేతనవుతుందన్నమాట! అయిదు రోజులు లక్షల మందికి చేయగలిగినవాళ్లు, మిగిలిన రోజుల్లో ఒక పిల్లలమర్రి దగ్గర రెండు వందల మందికి చేయలేరా? జాతరలో ఓట్లు గుంపుగా కనిపిస్తాయి. ఆదివారం నాడు భార్యాపిల్లలతో వచ్చిన ఒక్క తండ్రి ఓటు బ్యాంకు కాడు. తేడా అదొక్కటే.

జనం వచ్చినప్పుడు కూడా వాళ్ల ప్రాణాల మీద ఎంత పట్టింపు ఉందో 2021 మార్చి 22న చూశాం. సూర్యాపేటలో జాతీయ జూనియర్ కబడ్డీ పోటీలు. దేశం నలుమూలల నుంచి పిల్లలు ఆడటానికి వచ్చారు, జిల్లా అంతా చూడటానికి వచ్చింది. ఆట మొదలవుతుండగానే చూసేవాళ్ల కోసం కట్టిన గ్యాలరీ కుప్పకూలింది. చాలామంది ఎముకలు విరిగాయి. ఆట చూద్దామని వచ్చినవాడు అంబులెన్సులో వెళ్లాడు. కట్టెలూ ఇనుప గొట్టాలూ ఎంత బరువు మోస్తాయో ముందురోజు లెక్కగట్టాలన్న ఇంగితం లేకపోవడమే కదా కారణం?

ఇప్పుడు నాకు వచ్చే జవాబులు తెలుసు. ఒకటి, "వడ్లు కొనే దిక్కు లేదు, నీకు పార్కులు కావాలా?" అని. కల్లంలో వడ్ల కుప్ప మీద పడుకొని తేమ శాతం కోసం ఎదురుచూసే రైతుకే ఒక పగలు నవ్వే హక్కు ఎక్కువ ఉంది. కష్టం ఉన్నవాడికి సంతోషం అనవసరమని చెప్పడం దొరతనం. ఆ దొరతనం మీదే 1940ల్లో ఈ గడ్డ తిరగబడింది. రెండోది, "చేసినా జనం రారు" అని. సూర్యాపేట సద్దుల చెరువు కట్టను బాగుచేసి మినీ ట్యాంక్‌బండ్ అంటే సాయంత్రమయ్యేసరికి పిల్లలతో ఎవరొచ్చారు? చంద్రమండలం నుంచి వచ్చారా? సాగర్ గేట్లెత్తిన వార్త రాగానే మైళ్ల పొడుగునా నిలిచిపోయే బండ్లలో ఉన్నది ఎవరు? మూడోది, "నిధుల్లేవు" అని. సరే, ఫ్లెక్సీలకు ఎక్కణ్నుంచి వస్తున్నాయి? విగ్రహాలకు, ఊరి మొగదల కమానులకు, డివైడర్ల మీద ఏడాదికోసారి తీసి మళ్లీ పెట్టే రంగు దీపాలకు ఎక్కణ్నుంచి వస్తున్నాయి?

మా ఊళ్ల కలిగినవారితో కూడా ఒక మాట. మిల్లులు, ఆసుపత్రులు, కాలేజీలు, ఫంక్షన్ హాళ్లతో బాగా సంపాదించారు, సంతోషం. మీ పిల్లలు దుబాయి చూశారు, సింగపూర్ చూశారు. ఎరకసానమ్మ కూడా కలిగినింటి కోడలే. ఆమె ఊరికి గుడి, చెరువు కట్టించి పోయింది. మీరు ఊరికి ఏం కట్టారు? పెళ్లిమండపం తప్ప?

2025లో రాష్ట్రం కొత్త పర్యాటక విధానం ప్రకటించింది. అంతకుముందే 2017లో వారసత్వ కట్టడాల రక్షణకు చట్టం చేసింది. కాగితాలకు కొదవ లేదు. కాబట్టి మాకు ఇంకో కాగితం వద్దు, ఇంకో శంకుస్థాపన రాయి వద్దు. రాళ్లు మా దగ్గర చాలా ఉన్నాయి, మీరు వేసే రాళ్లకన్నా పాతవి, మీకన్నా నిజాయితీగా నిలబడినవి. ఈ ఎండాకాలం సెలవులకు ముందు అయిదు పనులు చేయండి. ప్రతి ఆదివారం సూర్యాపేట నుంచి ఫణిగిరికి, పిల్లలమర్రికి, మిర్యాలగూడ నుంచి వాడపల్లికి, సాగర్‌కు, కోదాడ నుంచి మట్టపల్లికి పొద్దున పోయి సాయంత్రం వచ్చే బస్సు వేయండి. ప్రతి చోటా నీడ, నీళ్లు, తాళం లేని మరుగుదొడ్డి పెట్టండి. చరిత్ర చదివి ఉద్యోగం లేక తిరుగుతున్న డిగ్రీ పిల్లలకు గైడ్లుగా జీతమివ్వండి. కాలువ గట్ల మీద ఊరూరా మెట్లు, గొలుసులు కట్టి, పట్టణానికొక ఈతకొలను తెరవండి. పది శాతం జాగాల పటం గోడకెక్కించండి.

2028లో మళ్లీ కృష్ణా పుష్కరాలు. అప్పుడెలాగూ కోట్లు దిగుతాయి, ఘాట్లకు మళ్లీ రంగులు పడతాయి, మీ ఫోటోలు మళ్లీ స్తంభాలెక్కుతాయి. ఆ కోట్లలో పుష్కరాల తర్వాత పదమూడో రోజున మిగిలి ఉండేది ఎంత, పిల్లల కోసం ఖర్చయ్యేది ఎంత, కాలువ గొలుసులకు పోయేది ఎంత అన్న లెక్క ఇప్పుడే బయట పెట్టండి. పెట్టలేమంటే ఆ మాటే చెప్పండి. కనీసం, మా పిల్లలు మీ లెక్కల్లో లేరని మేం ఇన్నాళ్లూ అనుకున్నది నిజమేనని తేలిపోతుంది, ఆ తర్వాత ఏం చేయాలో ఈ గడ్డకు ఎవరూ నేర్పక్కర్లేదు.